నోవాలిస్ బెంగతో చనిపోయాడా? ఒక ఉప్పు అధికారి, అతని యేనా మిత్రులు

మీరు అడిగింది ఇది. భావకవిత్వం గురించిన ఒక వ్యాసంలో నోవాలిస్ అనే జర్మన్ కవి పేరు తగిలింది. ప్రియురాలు చనిపోతే ఆ బెంగతోనే 28 ఏళ్లకు కన్నుమూసిన ‘నీలి పువ్వు’ కవి అని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది నిజమేనా, యేనా బృందం అంటే ఎవరు, ఆయన్ని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ సందేహం.

ముప్పై ఏళ్లుగా జర్మన్ పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న నా దగ్గరకు వచ్చినప్పుడల్లా మనసు కాస్త చివుక్కుమంటుంది. ఆ ఒక్క వాక్యం ఒక మంచి పనిమంతుణ్ణి పూర్తిగా చెరిపేసింది. నోవాలిస్ బెంగతో చనిపోలేదు. ఊపిరితిత్తులు పాడై, అప్పటి మాటల్లో చెప్పాలంటే క్షయతో, 1801 మార్చి 25న చనిపోయాడు. ఆ ప్రియురాలు పోయి అప్పటికి నాలుగేళ్లు. మరో అమ్మాయితో పెళ్లి నిశ్చయమై ఉంది. మూడు నెలల ముందే ఉద్యోగంలో పెద్ద పదవికి ఎంపికయ్యాడు. ఒక నవల సగంలో ఉంది. బతకాలన్న ఆశ మెండుగా ఉన్న మనిషి ఆయన.

అసలు పేరు గేయోర్గ్ ఫిలిప్ ఫ్రీడ్రిక్ ఫాన్ హార్డెన్‌బెర్గ్. 1772 మే 2న ఓబర్‌వీడర్‌స్టెట్ అనే పల్లెలో, కుటుంబానికి చెందిన పాత కోటలాంటి ఇంట్లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో రెండోవాడు. జమీందారీ వంశమే గానీ చేతిలో డబ్బు ఆడేది కాదు. తండ్రి చాలా నిష్ఠాపరుడైన క్రైస్తవుడు. 1784లో ఆయనకు సాక్సనీ ప్రభుత్వ ఉప్పు కార్ఖానాల డైరెక్టర్ పదవి వచ్చింది. ఆర్టెర్న్, క్యోజెన్, డ్యూరెన్‌బెర్గ్ అనే మూడు ఊళ్లలోని ఉప్పు ఆయన బాధ్యత. మరుసటి ఏడాది కుటుంబం వైసెన్‌ఫెల్స్‌కు మారింది. కవి చనిపోయింది కూడా ఆ ఊళ్లోని ఇంట్లోనే. ఈ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1790లో యేనా విశ్వవిద్యాలయంలో లా చదవడానికి చేరాడు. అక్కడ షిల్లర్ చరిత్ర పాఠాలు చెప్పేవాడు. మహాకవి షిల్లర్ జబ్బు పడితే, పక్కన కూర్చుని సేవ చేసిన విద్యార్థుల్లో ఇతనొకడు. తర్వాత లైప్‌జిగ్ వెళ్లాడు. అక్కడ 1792 జనవరిలో తన ఈడువాడే అయిన ఫ్రీడ్రిక్ ష్లేగల్, తర్వాత విమర్శకుడిగా పేరు తెచ్చుకున్నవాడు, పరిచయమయ్యాడు. ఏమైనా కాగల ఒక కుర్రవాణ్ణి విధి నా చేతిలో పెట్టింది అన్న అర్థం వచ్చేలా ష్లేగల్ తన అన్నకు ఉత్తరం రాశాడు. యేనా బృందానికి నాంది ఆ స్నేహమే. చదువు మాత్రం విటెన్‌బెర్గ్‌లో 1794లో పూర్తయింది.

ఇక సోఫీ కథ. 1794 శరత్కాలంలో టెన్‌స్టెట్ అనే చిన్న ఊళ్లో జిల్లా అధికారి యుస్ట్ కింద గుమాస్తాగా పని నేర్చుకోవడానికి చేరాడు. నవంబర్ 17న ఆఫీసు పని మీద దగ్గర్లోని గ్రూనింగెన్‌కు వెళ్లినప్పుడు సోఫీ ఫాన్ క్యూన్‌ను చూశాడు. ఒక్క పావుగంటలో నా జీవితం నిశ్చయమైపోయింది అని తమ్ముడికి రాశాడు. అతనికి 22. ఆమెకు 12. మరుసటి మార్చిలో, ఆమెకు పదమూడు నిండడానికి రెండు రోజుల ముందు, ఇద్దరి మధ్య పెళ్లి మాట అనుకున్నారు. ఇది చదివి మీకు ఇబ్బందిగా అనిపిస్తే అనిపించాల్సిందే. నా క్లాసులో పిల్లలకు కూడా దీన్ని దాచి, ‘అమర ప్రేమ’ అని రంగులు పూసి చెప్పను.

సోఫీ నిజంగా ఎలా ఉండేదో నోవాలిస్ కాగితాల్లోనే ఉంది. 1796లో ఆమె గురించి ఒక పేజీ రాసుకున్నాడు. కవిత్వమంటే ఆమెకు పెద్దగా పట్టదు. పొగ తాగుతుంది. దయ్యాలంటే భయం, ఎలుకలంటే భయం. నా ప్రేమ ఆమెకు చాలాసార్లు బరువుగా ఉంటుంది అని కూడా నిజాయితీగా రాశాడు. సోఫీ చిన్న డైరీ కూడా మిగిలింది. హార్డెన్‌బెర్గ్ వచ్చాడు, వెళ్లాడు, ఇంకేమీ జరగలేదు, ఇదే దాని ధోరణి, అదీ బోలెడు అక్షర దోషాలతో. అది మామూలు పిల్ల డైరీ. ఆ పిల్లను తర్వాతి వాళ్లు దేవతను చేశారు.

1795 నవంబర్‌లో ఆమె జబ్బు పడింది. కాలేయం దగ్గర చీము పట్టింది. 1796 వేసవిలో యేనాలో మళ్లీ మళ్లీ కోత పెట్టారు. మత్తుమందు లేని రోజులు. ఆ సమయంలో మహాకవి గోథె కూడా వచ్చి ఆమెను పలకరించి వెళ్లాడు. 1797 మార్చి 19న చనిపోయింది. పదిహేను నిండి రెండు రోజులు. నెల తిరగకుండానే, ఏప్రిల్ 14న, నోవాలిస్‌కు ప్రాణసమానుడైన తమ్ముడు ఎరాస్మస్ పోయాడు.

ఆ తర్వాతి నెలల డైరీ మన చేతిలో ఉంది. సోఫీ పోయి ఎన్నో రోజో తేదీ పక్కన లెక్క వేసుకుంటూ వచ్చాడు. కేవలం సంకల్పబలంతో ఆమె వెనకే వెళ్లిపోవాలని అనుకున్నాడు. కానీ అదే డైరీలో ఇవాళ ఎక్కువ తిన్నాను, అందరితో కబుర్లు చెప్పాను, చదువు బాగా సాగింది అని కూడా ఉంటుంది. శోకం జారిపోతున్నందుకు తనను తానే మందలించుకున్నాడు. మే 13 సాయంత్రం సమాధి దగ్గర ఒక అనుభవం కలిగిందని రాసుకున్నాడు. సమాధిని ధూళిలా ఊది పారేసినట్టు, శతాబ్దాలు క్షణాలైనట్టు, ఆమె పక్కనే ఉన్నట్టు. ‘రాత్రికి స్తోత్రాలు’ అనే ఆయన కవితల్లో మూడో స్తోత్రానికి విత్తనం ఆ నాలుగు వాక్యాలు. అయితే ఆ స్తోత్రాలు అచ్చయింది 1800లో. మధ్యలో గడిచిన మూడేళ్లను చాలామంది దాటేస్తారు. నాకు నోవాలిస్ అంటే ఆ మూడేళ్లే.

1797 డిసెంబర్‌లో ఫ్రైబెర్గ్ గనుల అకాడమీలో చేరాడు. 1765లో పెట్టిన ఆ సంస్థకు ఐరోపా అంతటా పేరుంది. గురువు ఆబ్రహామ్ గోట్‌లోబ్ వెర్నర్, రాళ్లను రంగు, మెరుపు, గట్టిదనం చూసి వర్గీకరించే పద్ధతి నేర్పిన మనిషి. నోవాలిస్ అక్కడ ఖనిజశాస్త్రం, రసాయనం, గణితం చదివాడు, గనుల్లోకి దిగాడు. అన్ని శాస్త్రాలనూ ఒకదానితో ఒకటి కలిపే విజ్ఞాన సర్వస్వం ఒకటి రాయాలని 1151 నోట్సు రాసుకున్నాడు. అందులో బీజగణితం పక్కన సంగీతం, వైద్యం పక్కన వ్యాకరణం కనిపిస్తాయి. ఫ్రైబెర్గ్‌లోనే, గనుల శాఖ ఉన్నతాధికారి కూతురు యూలియే ఫాన్ షార్పాంటియేతో 1798 చివర్లో పెళ్లి నిశ్చయమైంది.

అదే డిసెంబర్‌లో యుస్ట్ భార్యకు రాసిన ఉత్తరంలో, రాయడం నాకు పక్క పని, నన్ను అసలు పనిని బట్టి, అంటే వ్యవహార జీవితాన్ని బట్టి తూచండి అన్నాడు. మొహమాటానికి అన్న మాట కాదది. ఆయన పోయాక యుస్ట్ రాసిన జీవిత కథనం 1805లో వచ్చింది. ఆఫీసు భాష పట్టుబడడానికి ఈ కుర్రాడు ఒకే కాగితాన్ని రెండు మూడు సార్లు తిరగరాసేవాడనీ, దగ్గరి అర్థాలున్న మాటలను పేజీల కొద్దీ వరసగా రాసుకునేవాడనీ అందులో ఉంది. కవిగా ఆయన మాట అంత నిక్కచ్చిగా ఎందుకుంటుందో నాకు అది చదివాకే తెలిసింది. గుమాస్తా బల్ల దగ్గర కుదిరిన చేయి అది.

ఇప్పుడు ఉప్పు. మన నౌపడా, చినగంజాం మడుల్లో సముద్రపు నీరు పెడితే మిగతా పని ఎండ చూసుకుంటుంది. అక్కడ సముద్రం లేదు, అంత ఎండా లేదు. ఉప్పు భూమి లోపలి ఊటలో ఉంటుంది. డ్యూరెన్‌బెర్గ్‌లో 1763లో లోతుగా బావి తవ్వి ఆ ఊటను పట్టారు. ఆ నీళ్లను నేరుగా కాగబెడితే కట్టెలు తగలబడిపోతాయి గానీ ఉప్పు గిట్టుబాటు కాదు. అందుకని పెద్ద చెక్క చట్రాల్లో ముళ్ల కంప దట్టంగా పేర్చి గోడలా నిలబెడతారు. ఉప్పు నీటిని పైకి తోడి ఆ కంప మీదుగా చుక్కలు చుక్కలుగా కారనిస్తారు. గాలికి నీరు ఆవిరై ద్రవం చిక్కబడుతుంది. సున్నపు మట్టి లాంటి మలినం ముళ్లకు పొరలు పొరలుగా అంటుకుంటుంది. కింద చేరిన చిక్కటి నీటిని ఇనప పెనాల్లో కాచి ఉప్పు తీస్తారు.

ఆ కంప గోడలు డ్యూరెన్‌బెర్గ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మిగిలినవన్నీ కలిపితే 636 మీటర్లు. ఒక వేసవిలో వాటి పక్కన నడిచాను. ముళ్ల కొసల నుంచి నీళ్లు టప్ టప్‌మని పడుతూనే ఉంటాయి. ముట్టుకుంటే ముల్లు ముల్లులా ఉండదు, రాయి తొడుక్కున్నట్టు గరుకుగా ఉంటుంది. పది నిమిషాల్లో పెదాల మీద ఉప్పు. తన చివరి రెండేళ్లలో నోవాలిస్ ఆఫీసు ఈ లోకం. 1799 చివర్లో అసెసర్, అంటే ఉప్పు శాఖలో ఒక అధికారి, అయ్యాడు. పెనాల కింద కట్టెలు చాలడం లేదు గనక బదులుగా గోధుమ రంగు బొగ్గు వాడవచ్చునేమో చూడాలని 1800 వేసవిలో లైప్‌జిగ్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతమంతా సర్వే చేశాడు. సాక్సనీలో బొగ్గు నిక్షేపాలను పద్ధతిగా వెతికిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ‘రాత్రికి స్తోత్రాలు’ అచ్చయింది కూడా ఆ ఏడాదే.

ఇక మీరు అడిగిన యేనా బృందం, అంటే జర్మన్ భావకవిత్వానికి (రొమాంటిసిజానికి) నాంది పలికిన మిత్రులు. యేనాలో లోయిట్రాగాసె అనే సందులో ఔగుస్ట్ విల్‌హెల్మ్ ష్లేగల్, ఆయన భార్య కరోలీనె ఉండేవారు. ఔగుస్ట్ అప్పట్లో షేక్‌స్పియర్‌ను జర్మన్‌లోకి తెస్తున్నాడు, మొత్తం 17 నాటకాలు. ఆ పనిలో కరోలీనె చేయి చాలా ఉంది, పేరు మాత్రం అట్ట మీదికి రాలేదు. 1799 శరత్కాలానికి ఆ ఇల్లు నిండిపోయింది. తమ్ముడు ఫ్రీడ్రిక్ వచ్చాడు. అతని వెంట డొరోతియా వచ్చింది. తత్త్వవేత్త మోసెస్ మెండెల్సన్ కూతురు, ఫ్రీడ్రిక్ కోసం మొదటి భర్తను విడిచి వచ్చిన ధైర్యవంతురాలు. కథకుడు లుడ్విగ్ టీక్ కుటుంబంతో దిగాడు. ఇరవై నాలుగేళ్ల తత్త్వశాస్త్ర ప్రొఫెసర్ షెల్లింగ్ రోజూ భోజనానికి వచ్చేవాడు. బ్యాటరీ తీగలు తన ఒంటికే తగిలించుకుని ప్రయోగాలు చేసే యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ కూడా యేనాలోనే ఉన్నాడు. 1801లో అతినీలలోహిత కిరణాలను కనిపెట్టింది ఇతనే. నోవాలిస్ ఆ ఇంట్లో కాపురం ఉండలేదు. వైసెన్‌ఫెల్స్ నుంచి, కార్ఖానాల నుంచి వీలు చిక్కినప్పుడల్లా గుర్రమెక్కి వచ్చేవాడు.

వాళ్లకు ఒక పదం ఉండేది, ‘జింఫిలొసొఫీ’. కలిసి తత్త్వచింతన చేయడం అని అర్థం. ఒకడు ఒక మాట అంటే, రెండోవాడు దాన్ని పెంచుతాడు, మూడోవాడు తిరగేస్తాడు. ఎవరిది ఏ మాటో తెలియకుండా పోవాలి. ష్లేగల్ సోదరులు 1798 నుంచి 1800 దాకా నడిపిన ‘అథేనేయుమ్’ పత్రిక దీనికి వేదిక. మొత్తం ఆరు సంచికలే. మొదటి సంచికలోనే ‘పుప్పొడి’ పేరుతో 114 చిన్న ముక్కలు అచ్చయ్యాయి. ‘నోవాలిస్’ అన్న సంతకం తొలిసారి కనిపించింది అక్కడే. వంశంలో పూర్వం ఉన్న ‘దె నొవాలి’ అన్న పేరు నుంచి తీసుకున్నాడు. బీడు కొట్టి కొత్తగా సాగులోకి తెచ్చిన నేల అని దాని అర్థం. అందుకే ‘పుప్పొడి’ తలకట్టులో ఈ అర్థం వచ్చే మాటలు పెట్టాడు: మిత్రులారా, నేలలో సారం లేదు, విత్తనం దండిగా చల్లితేనే ఓ మోస్తరు పంటైనా చేతికొస్తుంది. ఫ్రీడ్రిక్ ష్లేగల్ అందులో కొన్ని ముక్కలు మార్చాడు, తనవి నాలుగు కలిపాడు. నోవాలిస్ ఏమీ అనుకోలేదు. వాళ్ల ఒప్పందమే అది.

‘పుప్పొడి’లో మొదటి ముక్కతో ఇన్నేళ్లుగా కుస్తీ పడుతున్నాను. ఎల్లలు లేనిదాన్ని అంతటా వెతుకుతాం, దొరికేవి ఎప్పుడూ వస్తువులే. ఇది నా తెలుగు. జర్మన్‌లో వస్తువును ‘డింగ్’ అంటారు, ఎల్లలు లేనిది ‘ఉన్‌బెడింగ్‌టె’. వెతికేదాని కడుపులోనే దొరికేది దాక్కుని ఉంది. తెలుగులో ఆ ముడి వేయడం నాకు ఇంతవరకు చేతకాలేదు. ‘నిరపేక్షం’ అంటే శాస్త్రం వాసన వస్తుంది, ‘అవస్తువు’ అంటే అర్థమే మారిపోతుంది. మీకేమైనా తడితే చెప్పండి, నిజంగా అడుగుతున్నాను.

ఆ ఇంట్లో నవ్వులు ఎలా ఉండేవో కరోలీనె ఉత్తరం ఒకటి చెబుతుంది. షిల్లర్ రాసిన గంట పాటను మధ్యాహ్నం చదివి, నవ్వలేక కుర్చీల్లోంచి కింద పడబోయారట. ఒకప్పుడు షిల్లర్ మంచం పక్కన కూర్చున్న నోవాలిస్‌కు ఈ వెక్కిరింపులు ఏమంత రుచించి ఉండవని నా ఊహ. తర్వాత వంతు ఆయనకే వచ్చింది. 1799 నవంబర్‌లో అందరూ కూడినప్పుడు ‘క్రైస్తవలోకం లేదా యూరప్’ అనే ప్రసంగవ్యాసం చదివి వినిపించాడు. మధ్యయుగాల్లో మతం యూరప్‌ను ఒక్కటిగా ఉంచిందనీ, అలాంటి ఐక్యత కొత్త రూపంలో మళ్లీ రావాలనీ దాని సారం. ఫ్రెంచి విప్లవం వేడి తగ్గని రోజులవి. బృందం రెండుగా చీలింది. షెల్లింగ్‌కు ఒళ్లు మండి, దేహాన్నీ మట్టినీ పొగుడుతూ పేరడీ పద్యం రాశాడు. రెండూ పత్రికలో వేయాలా వద్దా అని గోథెను అడిగితే, రెండూ వద్దన్నాడు. ఆ వ్యాసం పూర్తిగా అచ్చయ్యేసరికి 1826.

ఆ బృందం ఎక్కువ కాలం నిలవలేదు. 1800 జులైలో కరోలీనె కూతురు ఔగుస్టె పదిహేనేళ్లకే చనిపోయింది. కరోలీనె, షెల్లింగ్ దగ్గరయ్యారు. 1803లో ఔగుస్ట్ నుంచి విడాకులు తీసుకుని షెల్లింగ్‌ను పెళ్లాడింది. ఫ్రీడ్రిక్, డొరోతియా 1808లో కాథలిక్కులయ్యారు. మనకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడుంది. ఫ్రీడ్రిక్ పారిస్ వెళ్లి సంస్కృతం నేర్చుకుని, అదే 1808లో భారతీయుల భాష, జ్ఞానం గురించి పుస్తకం తెచ్చాడు. ఔగుస్ట్ 1818లో బాన్‌లో ప్రొఫెసర్ అయి, 1823లో భగవద్గీతను లాటిన్ అనువాదంతో అచ్చు వేయించాడు. నోవాలిస్‌కు అంత ఆయువు లేదు. కానీ అయిదో స్తోత్రంలో గ్రీసులో పుట్టిన ఒక గాయకుడు పాలస్తీనాకు వచ్చి, బాల యేసుకు హృదయం అర్పించి, అక్కణ్ణుంచి ఆనందంగా ‘ఇందొస్తాన్’కు సాగిపోతాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

1800 ఆగస్టు నుంచి ఆయన ఆరోగ్యం దిగజారింది. ఆ శరత్కాలంలో చిన్న తమ్ముడు బెర్న్‌హార్డ్ జాలె నదిలో మునిగి చనిపోయాడు. ఆ వార్త విని రక్తం కక్కుకున్నాడు. ఇక కోలుకోలేదు. డిసెంబర్‌లో ఆమ్ట్‌స్‌హాప్ట్‌మన్ అనే జిల్లా స్థాయి పదవికి ఉత్తర్వు వచ్చింది గానీ కుర్చీలో కూర్చునే యోగం లేకపోయింది. మార్చి 25 మధ్యాహ్నం తమ్ముడు కార్ల్‌ను పియానో వాయించమని అడిగి, అది వింటూ నిద్రలోకి జారాడు. పక్కన ఫ్రీడ్రిక్ ష్లేగల్ ఉన్నాడు.

మరి ‘బెంగతో చనిపోయాడు’ అన్న కథ ఎక్కడిది? మిత్రులు ప్రేమతో కట్టినదే. టీక్, ఫ్రీడ్రిక్ కలిసి 1802లో ఆయన రచనలు రెండు సంపుటాలుగా తెచ్చారు. వాళ్లు లేకపోతే ఆ నవల మనకు దక్కేదే కాదు, ఆ రుణం తీరనిది. కానీ 1815లో మూడో ముద్రణకు టీక్ రాసిన జీవిత చరిత్ర సోఫీని నడిమధ్యన నిలబెట్టింది. యూలియే పక్కకు జరిగింది, ఉప్పు కరిగిపోయింది. 1845లో వేసిన బొమ్మలోనైతే ఆయన ముఖం అమ్మాయి ముఖంలా, పెద్ద పెద్ద కళ్లతో తయారైంది. తర్వాతి తరాలకు చేరింది ఆ ముఖమే. మీరు చదివిన వాక్యం ఆ వరసలోనిదే.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, స్తోత్రాలతో వద్దు. అవి విడిగా చదివితే పాత కథే నిజమనిపిస్తుంది. ముందు ‘పుప్పొడి’, రోజుకు నాలుగైదు ముక్కల చొప్పున. తర్వాత ‘హైన్రిక్ ఫాన్ ఓఫ్టర్‌డింగెన్’ నవల. ఆయనకు ఆ పేరు తెచ్చిన నీలి పువ్వు కల ఇందులో మొదటి అధ్యాయంలోనే వస్తుంది, దానికోసం కంగారు పడకండి. అయిదో అధ్యాయం దగ్గర నింపాదిగా కూర్చోండి. ఒక ముసలి గని కార్మికుడు తన జీవితం చెప్పుకుంటాడు. దీపం పట్టుకుని మొదటిసారి లోపలికి దిగినప్పటి ఆనందం, రాతిలో లోహపు ఈనె కనబడడం, బంగారం తవ్వి తీసి కూడా దాని మీద ఆశ లేకుండా బతకడం. గనిలోకి దిగినవాడు రాసిన పేజీలవి. ఆ తర్వాత స్తోత్రాలు చదివితే ఆ రాత్రి మీకు వేరేలా కనిపిస్తుంది. సమాధి చీకటితో పాటు గని చీకటి కూడా అందులో తగులుతుంది.

నవల రెండో భాగం మొదట్లోనే ఆగిపోతుంది. సిల్వెస్టర్ అనే ముసలి వైద్యుడితో హైన్రిక్ అంతరాత్మ గురించి మాట్లాడుతూ ఉంటాడు, ఆ సంభాషణలోనే పుస్తకం తెగిపోతుంది. దాని కింద, మిగతా కథ ఎలా సాగాల్సిందో టీక్ రాసిన వివరణ ఉంటుంది. మొదటిసారి చదివేటప్పుడు అది తెరవకండి, సిల్వెస్టర్ దగ్గరే పుస్తకం మూసేయండి.